దాదాపీర్ కారు కాలలేదు

కారు కాలితే జనం మూగుతారు. ఫోన్లు తీస్తారు, ఎవరిదో కనుక్కుంటారు, లోపల ఎవరైనా ఉన్నారేమోనని గుండెలు బాదుకుంటారు. కాలకుండా క్షేమంగా ఇంటికి చేరిన కారును ఎవరూ తిరిగి చూడరు. నా బతుకంతా ఆ రెండో రకం కార్లతోనే గడిచింది. ప్రొద్దుటూరులో పాత పెట్రోలు కార్ల ఇంజన్లో మంట పుట్టకుండా చూడడం నా పని. షెడ్డు బోర్డు మీద మాత్రం ఆటో ఎలక్ట్రికల్, మెకానికల్ అని రాయించాను. మంట రాకుండా చూస్తానని రాయిస్తే ఒక్కడూ లోపలికి వచ్చేవాడు కాదు.

ఇప్పుడు పాత కార్ల మీద మళ్లీ మోజు పుట్టింది. పెళ్లి ఊరేగింపులకు కావాలి, ఫొటోలకు కావాలి, ఇంటి ముందు నిలబెట్టుకోవడానికి కావాలి. ఈ పనిలోకి కొత్తగా దిగినవాళ్లు అప్పుడప్పుడు నాకు ఫోన్ చేసి ఏదో ఒకటి అడుగుతారు. నేను చెప్పడం మొదలుపెడితే, “సరే మామా, మళ్లా చేస్తా” అని పెట్టేస్తారు. అందుకని రాస్తున్నాను. కాగితం అయితే మధ్యలో పెట్టేసినా నాకు తెలియదు.

ఉస్తాద్ షెడ్డులో

మాది జమ్మలమడుగు పక్క పల్లె, గొర్రెలు కాసే ఇల్లు. నాకు గొర్రెలు అచ్చిరాలేదు. మా నాయన నన్ను ప్రొద్దుటూరు తీసుకొచ్చి హుసేన్ సాయిబు షెడ్డులో వదిలి, “వీడు గొర్లను పోగొట్టుకొస్తాండాడు సాయిబూ, మీ సామాన్లు జాగర్త” అని చెప్పి వెళ్లిపోయాడు. హుసేన్ సాయిబును అందరూ ఉస్తాద్ అనేవారు. ఆయనకు కోపం ముక్కు మీద ఉండేది. స్పానరు నేల మీద పెడితే తిట్టేవాడు. తుడిచిన గుడ్డ ఇంజన్ మీద మరిచిపోతే కొట్టేవాడు. మెచ్చుకోవడం ఎలాగో ఆయనకు ఎవరూ నేర్పలేదనుకుంటాను.

ఒక ఎండాకాలం పులివెందుల దారిలో కాలిపోయిన కారును లారీ మీద తెచ్చి మా షెడ్డు ముందు దించారు. అందులో ఉన్నవాళ్లు దూకి బయటపడ్డారు కాబట్టి సరిపోయింది. చుట్టూ చేరినవాళ్లు తలా ఒక మాట అన్నారు. బ్యాటరీ అన్నారు ఒకరు, వైరు అన్నారు ఇంకొకరు, దిష్టి అన్నారు వేరొకరు. ఉస్తాద్ నన్ను పిలిచి, “చూసి చెప్పు అబ్బీ” అన్నాడు. నేను మసి పూసుకుని ఆ ఇంజన్లో చాలాసేపు తిరిగాను. చివరికి వైరే అన్నాను. ఆయన ఎగ్జాస్ట్ గొట్టానికి అంటుకున్న నల్లటి పొరను గోటితో గీకి నా అరచేతిలో పెట్టాడు. దాంట్లో ఎర్రటి అంచు దారం ఇంకా కనబడుతోంది. అది డ్రైవరు భుజం మీద వేసుకునే టువ్వాలు.

మా వైపు ఎండలకు ఇంజన్‌కు పెట్రోలు తోడే పంపు వేడెక్కిపోతుంది. లోపలి పెట్రోలు ఆవిరై, బండి నడిరోడ్డులో ఆగిపోతుంది. దానికి డ్రైవర్లు కనిపెట్టిన మందు తడిగుడ్డ. టువ్వాలును నీళ్లలో ముంచి పంపుకు చుట్టేవాళ్లు. కాసేపటికి బండి కదిలేది. ఆ మందు నిజంగానే పనిచేసేది, దాంతో వచ్చిన చిక్కు కూడా అదే. బండి నడుస్తోందని గుడ్డను అలాగే వదిలేసేవాళ్లు. వేడికి అది ఆరిపోతుంది. పాత పంపు అతుకుల్లోంచి ఊరే పెట్రోలును నిమ్మళంగా పీలుస్తుంది. కుదుపులకు ముడి వదులై పక్కనున్న ఎగ్జాస్ట్ గొట్టం మీద పడుతుంది. ఆ తర్వాత చెప్పనక్కర్లేదు.

ఆ రోజు ఉస్తాద్ చేతులు కడుక్కుంటూ నాతో అన్నాడు. “ఎట్ల కాలిందో చెప్పినోనికి ఊరంతా సలాం కొడతాది. కాలకుండా జేసినోని మొగం గూడా ఎవురూ జూడరు. నీకు ఏ పని గావాల్నో ఇప్పుడే చెప్పు అబ్బీ.”

“రెండూ నేర్పు ఉస్తాద్” అన్నాను. వయసులో ఉన్నాను, ఎవరో ఒకరు చూస్తారులే అనుకున్నాను.

శుక్రవారం టీ

దాదాపీర్ టాక్సీ డ్రైవరు. తెల్ల అంబాసిడర్, పెట్రోలు బండి, సొంతం. ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగు, పులివెందుల ఆసుపత్రులకూ పెళ్లిళ్లకూ తిప్పేవాడు. నేను సొంత షెడ్డు పెట్టిన కొత్తలో వచ్చాడు. బానెట్ ఎత్తితే పంపుకు చుట్టిన గుడ్డ కనబడింది.

“ఏంది మామా ఇది? ఇంజన్‌కు జొరమొచ్చిందా, తడిగుడ్డ యేసినావు?” అన్నాను.

“ఎండకు నాకూ నీకూ తలకు గుడ్డ కావాల గదా. దానికేం పాపం జేసింది?” అన్నాడు.

గుడ్డ విప్పి అతని ముక్కు దగ్గర పెట్టాను. వాసన చూసి, నోట్లోని బీడీ తీసి కాలికింద వేసి నలిపాడు. నేను నూనె డబ్బా రేకు కత్తిరించి, పంపుకూ ఎగ్జాస్ట్ గొట్టానికీ నడుమ గాలి ఆడేలా అడ్డం బిగించాను. పెట్రోలు గొట్టాన్ని వేడికి దూరంగా తిప్పాను. ఆ ఎండాకాలం బండి ఎక్కడా ఆగలేదు. గుడ్డ తిరిగి అతని భుజం మీదకు చేరింది.

అప్పటి నుంచి ప్రతి శుక్రవారం నమాజు అయ్యాక దాదాపీర్ షెడ్డుకు వచ్చేవాడు. బండికి ఏమీ ఉండేది కాదు. అయినా బానెట్ ఎత్తేవాళ్లం. అతను వారమంతా ఎక్కించుకున్న మనుషుల కథలు చెప్పేవాడు, నేను గొట్టాలూ క్లిప్పులూ తడిమి చూసేవాణ్ణి. అతని భార్య ఖైరూన్‌బీ ఫ్లాస్కులో టీ ఇచ్చి పంపేది. “నువ్వు శానా పిరికోడివి మామా” అనేవాడు. “ఇన్నిసార్లు ఇంజన్ను తడిమినావు, నీ పెండ్లాం చెయ్యి గూడా ఇంత పట్టుకోనుండవు.” అతను నన్ను మామా అనేవాడు, నేనూ అతణ్ణి మామా అనేవాణ్ణి. ఎవరికి ఎవరు మామో మేం ఎప్పుడూ తేల్చుకోలేదు.

నా భార్య లక్ష్మీదేవి పోయాక నేను కూర్చుని అన్నం తిన్న ఇల్లు దాదాపీర్ ఇల్లు ఒక్కటే. మా ఇంట్లో పొయ్యి దగ్గరే నిలబడి తినేస్తాను, ఇప్పటికీ అంతే. తర్వాత దాదాపీర్ కూడా పోయాడు, గుండె ఆగి, ఇంట్లో మంచం మీద. అప్పటికి కారు అతని కంటే ఆరోగ్యంగా ఉంది.

ఏం చూడాలంటే

కొత్తగా వచ్చినవాళ్లు ఇదొక్కటే చదివినా నాకు చాలు. బానెట్ ఎత్తగానే చెయ్యి పెట్టొద్దు, ముక్కు పెట్టండి. రాత్రంతా నిలిచిన కారులో పచ్చి పెట్రోలు వాసన వస్తే తాళం తిప్పకూడదు. పాత కార్లలో చాలావాటికి పెట్రోలునూ గాలినీ కలిపే కార్బురేటర్ పైన ఉంటుంది, ఎగ్జాస్ట్ దాని కిందే ఉంటుంది. పైన ఒక్క చుక్క ఊరితే కింద కాలే ఇనుము మీదే పడుతుంది. గొట్టాలు పైకి బాగానే కనిపిస్తాయి. వంచి చూడండి, పగుళ్లు బయటపడతాయి. ఇప్పుడు పెట్రోల్లో ఎథనాల్ కలుస్తోంది, పాతకాలం రబ్బరు దాన్ని తట్టుకోలేదు. కొత్త పెట్రోలుకు తగిన గొట్టమే అడిగి తెచ్చుకోండి. క్లిప్పు లేదని కట్టుకమ్మీ తీగ చుట్టేవాణ్ణి నేను మెకానిక్ అనను.

ఫ్యూజు ఊరికే కాలదు. కాలిన ప్రతిసారీ సిగరెట్టు పెట్టెలోని వెండికాగితం చుట్టి బండి నడిపించే పెద్దమనుషులు మా వైపు ఎక్కువ. ఫ్యూజు కాలకుండా చేశామని సంబరపడతారు, ఆ తర్వాత కాలేది వైరు. ఇంజన్ గదిలోంచి లోపలికి వైర్లు దూరే చోట రబ్బరు బిళ్ల ఉంటుంది. అది ఊడిపోతే రేకు అంచు వైరును కోస్తుంది. బ్యాటరీ కదలకుండా బిగించి ఉండాలి. ఎన్నాళ్లో నిలబెట్టిన కారయితే ఎలుకలు వేరుశనగ పొట్టూ గుడ్డపీలికలూ తెచ్చి ఇంజన్ మీద గూడు కట్టుకుంటాయి. దాన్ని చూడకుండా స్టార్ట్ చేసినవాళ్లను నేనెరుగుదును.

ఇవన్నీ చేసినా పొగ వస్తే బండి ఆపి, ఇంజన్ ఆర్పి, ముందు మనుషుల్ని దూరంగా పంపండి. బానెట్ బార్లా తెరవొద్దు. తెరిస్తే గాలి అంది మంట మొహం మీదకు లేస్తుంది. మంట చిన్నదయితే కొంచెం సందు చేసి ఆర్పే సిలిండరు కొట్టాలి. పెద్దదయితే వదిలేసి పక్కకు రావాలి. కారు మీద ప్రేమతో దగ్గరికి వెళ్లినవాళ్లే ఒళ్లు కాల్చుకున్నారు. ఇక బానెట్ పైన రంగుకు ఎంతయినా పోసి, కింద గొట్టం మార్చమంటే ముఖం చిట్లించే ఆసాముల గురించి నా అభిప్రాయం అడగొద్దు. రాస్తే బాగుండదు.

పొగ కావాలి

దాదాపీర్ పోయాక ఖైరూన్‌బీ కారు అమ్మలేదు. గండికోటలో పెళ్లికి ముందు ఫొటోలు తీసుకునే జంటలు పాత తెల్ల కారు కోసం వెతుక్కుంటున్నారు. ఆమె దాన్ని బాడుగకు ఇవ్వసాగింది. ఇల్లు దాని మీదే గడుస్తోంది. ఆమెకు డ్రైవింగు రాదు కాబట్టి బండి నేను తోలేవాణ్ణి, బాగోగులూ నేనే చూసేవాణ్ణి. నా షెడ్డు అప్పటికే మూసేశాను. చెప్పుకోడానికి నాకు మిగిలిన పని అదొక్కటే.

పోయిన ఎండాకాలం ఒక జంటను తీసుకుని గండికోట ఎక్కాం. వాళ్ల చుట్టాలు తమ కార్లలో వెనకే వచ్చారు. సాయంత్రం, లోయ మీద ఎండ పసుపుగా పడుతోంది. ఫొటోలు తీసే అబ్బాయికి ఒక ఆలోచన తట్టింది. బండి చెడిపోయినట్టు, బానెట్లోంచి పొగ వస్తున్నట్టు, పెళ్లికొడుకు స్పానరు పట్టుకుని బాగుచేస్తున్నట్టు ఉండాలట. దానికోసం అతని మనిషి సాంబ్రాణి వేసే ఇనప మూకుడు తెచ్చాడు. టెంకాయ చిప్పల నిప్పులు పోసి, సాంబ్రాణి చల్లి, బానెట్ ఎత్తి, ఆ మూకుడును కార్బురేటర్ పక్కన పెట్టబోయాడు. బండి ఘాట్ రోడ్డెక్కి వచ్చి అప్పుడే ఆగింది. ఇంజన్ మాడిపోతోంది.

నేను అతని మణికట్టు పట్టుకున్నాను.

“ఏంది తాతా?” అన్నాడు ఫొటోల అబ్బాయి.

“నిప్పు దీంట్లో పెట్టొద్దు నాయనా. ఎక్కొచ్చిన బండి, కార్బురేటర్లో పెట్రోలు మరుగుతాంటాది. ఆవిరి ఈడంతా నిండింటాది. చూడు, వాసనొస్తాంది.”

“పెట్రోలు బండికి పెట్రోలు వాసన రాకుంటే పన్నీరు వాసనొస్తాదా? రెండు నిమిసాల పని తాతా, ఎండ పోతాంది.”

అందరూ నవ్వారు. పెళ్లికూతురు మాత్రం బండికి ఆనుకుని ఉన్నదల్లా కొంచెం దూరం జరిగింది. నేను మూకుడు తీసుకెళ్లి రాళ్ల వెనక పెట్టించి, బ్యాటరీ వైరు ఊడదీసి, బానెట్ దించేశాను. పెళ్లికొడుకు మేనమామ ఖైరూన్‌బీకి ఫోన్ చేసి, స్పీకరు పెట్టి నాకిచ్చాడు.

“అన్నా, పొగే గదా, మంట గాదు గదా” అంది ఆమె. “వాళ్ల చుట్టాల పెండ్లిండ్లకు గూడా మన బండే చెప్తామంటాండారు. రోంత సర్దుకో అన్నా.”

“నేనుండగా ఆ పని కాదమ్మా” అన్నాను.

మేనమామ ఫోన్ లాక్కున్నాడు. వాళ్లు తమ కార్లెక్కి వెళ్లిపోయారు. బాడుగ ఇవ్వలేదు. పెళ్లికొడుకు వెళుతూ వెళుతూ, “ముసిలోనికి బండి మీద పిచ్చి” అన్నాడు, నాకు వినబడాలనే అన్నాడు.

ఒక్కణ్ణే బండి తోలుకుంటూ వచ్చాను. జమ్మలమడుగు దాటాక ఒక ఉపాయం తట్టింది. మా పల్లెలో ఎలుకల బొరియలకు పొగ పెట్టేవాళ్లు. కుండలో పిడకలు రాజేసి, గొట్టంతో పొగను బొరియలోకి ఊదేవాళ్లు. కుండ ఒక చోట, పొగ ఇంకో చోట. కారుకూ అంతే చేయొచ్చు. ఇంజన్ చల్లారాక, నిప్పును గాలివాలుకు దూరంగా పెట్టి, పొడుగు పైపుతో పొగను మాత్రం బానెట్ కిందికి తేవచ్చు. వాళ్లకు కావాల్సింది పొగే కదా. నాకు నేనే నవ్వుకున్నాను. ఖైరూన్‌బీకి ఈ మాట ఎలా చెప్పాలో కూడబలుక్కుంటూ వచ్చాను.

తాళం

ఆమె గడపలోనే నిలబడి ఉంది. టీ పెట్టలేదు.

“అన్నా, ఆయన ఉన్నెప్పటి నుంచి ఈ బండి నువ్వే చూస్తాండావు” అంది. “దీంట్లో ఎప్పుడన్నా మంటొచ్చిందా?”

“రాలేదమ్మా.”

“పోనీ, పొగన్నా వచ్చిందా?”

“రాలేదు.”

“మరేమిటికన్నా ఇంత బయం? ఎప్పుడూ రానిదానికి నా నోటికాడి కూడు తీసేస్తివే.”

 అన్నేళ్లు నేను చేసిన పనంతా ఒక్కటై ఆమె వైపు సాక్ష్యం చెప్పింది. రేకు అడ్డం పెట్టాను కాబట్టి రాలేదమ్మా, ఏటా గొట్టాలు మార్చాను కాబట్టి రాలేదమ్మా అని అనవచ్చు. కానీ అది నన్ను నేను పొగుడుకున్నట్టు ఉంటుంది. పైగా అది నిజమని చూపించడానికి నా దగ్గర ఏముంది? గుడ్డ దాదాపీర్ భుజం మీదే మాసిపోయింది. పాత గొట్టాలు చెత్తలో పోయాయి.

“తాళం ఈడ పెట్టి పో అన్నా” అంది. కోపంగా అనలేదు, ఏడుపు ఆపుకుంటూ అంది. కిటికీ గట్టు మీద తాళం పెట్టాను. పైపు సంగతి నోట్లోనే ఉండిపోయింది. ఆమెను నేను తప్పుపట్టను. ఇంట్లో పొయ్యి వెలగాల్సిన మనిషి, ఎన్నడూ చూడని మంటను ఎలా నమ్ముతుంది?

కారు జమ్మలమడుగు రోడ్డులోని షరీఫ్ షెడ్డుకు వెళ్లిందని తెలిసింది. షరీఫ్ నడివయసు మనిషి, కొత్త కార్లకు కంప్యూటరు పెట్టి చూస్తాడు. ఒకరోజు మనసాగక వెళ్లాను. అతను ఒక బండి కింద పడుకుని ఉన్నాడు, కాళ్లు మాత్రమే కనబడుతున్నాయి. ఆ కాళ్లకే చెప్పాను. పంపు దగ్గర రేకు తీయొద్దన్నాను. ఎండలకు ముందే గొట్టం మార్చమన్నాను. ఫొటోలప్పుడు బ్యాటరీ వైరు ఊడదీయమన్నాను. పొగ అడిగితే ఇంజన్ ఆరనిచ్చి, నిప్పు దూరంగా పెట్టి పైపు వేయమన్నాను. “సరే మామా, సరే సరే” అని బండి కింద నుంచి వినబడింది. పెద్దవాళ్లను పంపించేయడానికి అనే సరే అది. కాసేపు నిలబడి వచ్చేశాను.

ఆ తర్వాత శుక్రవారాలు చాలా పొడుగయ్యాయి. నమాజు అయి జనం వీధిలోకి వచ్చే వేళకు నా చేతులు ఊరికే ఉండవు. ఇంట్లో గ్యాసు పొయ్యి గొట్టం తడిమి చూస్తాను. అది కొత్తదే. కారు లేదనే బాధ ఎలాగో ఓర్చుకోవచ్చు. నాలుగు మాటలు మాట్లాడి టీ తాగే గడప లేకపోవడం ఓర్చుకోలేకపోతున్నాను. ఈ పనిలోకి వచ్చేవాళ్లకు ఇది కూడా చెప్పాలి. మంట రాకుండా చూసినవాడికి కృతజ్ఞత రాదు, దానికి అలవాటు పడొచ్చు. పక్కన మనిషి లేకపోతే మాత్రం అలవాటు పడలేరు. దాదాపీర్‌లాంటి వాడొకడు దొరికితే పని మానుకునైనా వాడితో టీ తాగండి.

మొన్న ఫోన్లో వాట్సాప్ స్టేటస్‌లు చూస్తున్నాను. ఈమధ్య అదొక కాలక్షేపం. ఖైరూన్‌బీ ఒక ఫొటో పెట్టింది. నాకు కనబడిందంటే, నా నంబరు ఆమె ఫోన్లో ఇంకా ఉందన్నమాట. ఫొటో కంటే ముందు నాకు తట్టింది అదే.

గండికోట, సాయంత్రపు ఎండ, మన తెల్ల కారు. బానెట్ తెరిచి ఉంది, లోపలి నుంచి దట్టంగా పొగ లేస్తోంది. పెళ్లికొడుకు స్పానరు తిరగేసి పట్టుకున్నాడు. పెళ్లికూతురు ముక్కు మూసుకుని నవ్వుతోంది.  వేళ్లతో ఫొటో పెద్దది చేశాను. పంపు దగ్గర రేకు ఉంది. పెట్రోలు గొట్టం కొత్తది, నల్లగా నిగనిగలాడుతోంది, రెండు కొసలకూ క్లిప్పులున్నాయి. బ్యాటరీ వైరు ఊడదీసి పక్కకు వంచి ఉంది. ముందు చక్రం వెనక నుంచి సన్నటి పైపు ఒకటి నేల మీదుగా ఫొటో బయటికి పోయింది. తెలియనివాళ్లు చూస్తే చక్రం నీడ అనుకుంటారు.

“సూడు మామా!” అన్నాను పైకే, దాదాపీర్ పక్కనే ఉన్నట్టు. ఇంట్లో ఎవరూ లేరు. ఫోన్ పట్టుకునే ఏడ్చాను. తెల్లవారి మళ్లీ ఒకసారి చూద్దామని ఫోన్ తీశాను. ఒక్కరోజు స్టేటస్ కదా, పోయింది.